పదిహేనో తారీఖు ముచ్చట

ఇటు జరగుండ్రి, పొగ ఆ దిక్కుకు పోతాంది. ఆ మొద్దు అడ్డంగ ఎయ్యకుర, కింద గాలాడకపోతె మంట కూసుంటది. నిలువుగ ఆనియ్యి. బొగ్గింజను మీద పార పట్టినోన్ని నేను, మంట సంగతి నాకు జెప్తవా? ఆఁ, గట్ల. ఇగ సూడు ఎట్ల లేస్తదో.

తారీఖెంత ఇయ్యాల? పదిహేను గదా. డిసెంబర్ 15. ఈ తారీఖు మీద పెద్దపెద్దోల్ల ముచ్చట్లే ఉన్నయి. సర్దార్ పటేల్ 1950ల గీ దినమే బొంబాయిల కన్నుమూసిండు. పొట్టి శ్రీరాములు 1952ల గీ దినమే మద్రాసుల ప్రాణమిడ్సిండు. గవి మీకు బడిల జెప్తరు, పరీక్షలల్ల రాపిస్తరు. బడిల జెప్పనియి నేను జెప్త. పాటలోల్ల ముచ్చట. గీ ఒక్క తారీఖు మీద ఎవరెవరు వచ్చిండ్రో, ఎవరెవరు పోయిండ్రో ఇంటె పరేషానయితరు.

ముందుగాల మద్రాసు పోదాం. 1966, గురువారం. విజయా గార్డెన్స్ అని పాటలు పట్టె థియేటరు. మనల నవ్విచ్చె పద్మనాభం లేడా, ఆయన సొంతంగ సినిమా తీస్తుండె, 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' అని. సంగీతం ఎస్.పి.కోదండపాణి. ఆ దినం పట్టె పాట నలుగురు కలిసి పాడేది. అండ్ల ముగ్గురెవరనుకున్నవ్? పి.సుశీల. పి.బి.శ్రీనివాస్. ఇగ మూడో ఆయన ఈలపాట రఘురామయ్య. ఆయన నాటకాల కృష్ణుడు. నోట్లె వేలు పెట్టి ఈలేసిండంటె రాగం రాగం తీరుగ పలుకుతుండె. మా నాయిన ఆయన నాటకం కోసం రాత్రంత మేల్కొని, పొద్దుగాల నాగలి కట్టెటోడు.

గా ముగ్గురి పక్కన మైకు ముందట నిలబడ్డ నాలుగోడు ఇరవయ్యేండ్ల పిలగాడు. నెల్లూరోడు. అయ్య హరికథలు జెప్పెటాయన. కొడుకును ఇంజినీరింగు సదువుమని మద్రాసు పంపితె, వీడు సదువుకుంటనే పాటల పోటీలకు తిరుగుడు. అట్ల ఒక పోటీల కోదండపాణి చెవుల వడ్డడు. వాని పేరే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం.

గప్పటి రికార్డింగు ఇప్పటి లెక్క కాదు బిడ్డా. ఇప్పుడైతె ఎవని ముక్క వాడు వాని తీరిన యాల్లకు పాడిపోతడు, మిగిలిన పని కంప్యూటరు సూసుకుంటది. గప్పుడు పాడెటోల్లు, వయొలిన్లోల్లు, తబలా ఆయన, ఫ్లూటాయన, అందరు ఒక్క తావున్నే. మొదటికెల్లి ఆఖరిదాక ఒక్క ఊపుల పోవాలె. ఆఖరి చరణంల ఒక్కడు తడబడ్డడనుకో, సుశీలమ్మ అయినా సరే, రఘురామయ్య అయినా సరే, మల్ల మొదటికొచ్చుడే. అంత పెద్దోల్ల నడుమ మొదటిసారి నిలబడ్డ పిలగాని కాల్లు ఎట్ల వణికినయో నువ్వే అనుకో.

పాట అయింది. ఇగ ఇక్కడున్నది అసలు ముచ్చట. అప్పట్ల టేపంటె కర్సుతోని పని. పాటను టేపు మీదికెల్లి ఫిలిం మీదికి ఎక్కిచ్చినంక, గా టేపును చెరిపి దాని మీదనె ఇంకో పాట పట్టెటోల్లు. అందరి పాటలకు అదే గతి. గని కోదండపాణి సౌండింజినీరు స్వామినాథన్ దగ్గరికి పోయి, ఈ పాట టేపు ఒక్క ఏడాది దాక చెరపకుమని బతిమిలాడిండు. ఎందుకు? వేరే సంగీత దర్శకులొస్తె వాల్లకు ఇనిపియ్యాలె, ఈ పిలగానికి ఇంకో పాట ఇప్పియ్యాలె, గందుకు. ఇది నేను పుట్టిచ్చి జెప్తలేను. బాలు తన జీవితంల ఎన్ని సభలల్ల జెప్పుకున్నడో ఈ మాట.

సూడుర, ఒక మనిషి ఇంకో మనిషికి చేసిన సాయం ఏంది? పైసలిచ్చిండా? ఇల్లు కట్టిచ్చిండా? ఒక టేపు చెరపకుండ ఆపిండు, గంతే. బాలు పెద్దోడై సొంతంగ రికార్డింగు థియేటరు కట్టుకున్నంక దానికి కోదండపాణి పేరే పెట్టుకున్నడు. పద్ధతిగ కూసోని సంగీతం నేర్వని మనిషి, 'శంకరాభరణం'ల శాస్త్రిగారికి పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నడు. అసొంటియి ఆరు వచ్చినయి ఆయనకు. 2020 సెప్టెంబరుల కరోనా కాలంల పోయిండు. కోదండపాణి మాత్రం అవేవీ సూడలే. 1974లనే పోయిండు, నలభై దాటి ఎక్కువ కాలే. ఈ 1974 యాదిపెట్టుకో, మల్ల పని పడ్తది.

మన వరంగల్ కోటకు ఆ పాట 1967ల అందింది. నేను ఇంకా పనికి చేరలే. గిప్పుడు లైట్లేసి తోరణాల కత జెప్తాండ్రు గదా టూరిస్టులకు, గప్పుడు మబ్బు పడ్డంకా ఆ తోరణాల దిక్కు గబ్బిలాలు తప్ప ఎవరు పోకపోదురు. కోటల ఒక మోతెవరి ఇంట్ల రేడియో ఉండె. దానికి పోస్టాఫీసుల లైసెన్సు కట్టాలె, చిన్న పుస్తకం ఉంటుండె, దాని మీద బిల్లలంటిస్తుండ్రి. ఆ రేడియో అర్రల పెట్టి కిటికీ తెరుస్తె మేమంత బయట అరుగు మీద. పాట వస్తాంది. సుశీల గొంతును ఆడోల్లంత పట్టిండ్రు. రఘురామయ్యను మా నాయిన పట్టిండు. పి.బి.శ్రీనివాస్‌ను ఎవరో అన్నరు. ఇగ నాలుగోడెవడని లొల్లి. ఘంటసాల అని ఒకడంటడు, గొంతుకు ఏమైందో సన్నగైందంటడు. అనౌన్సరు పేరు జెప్పింది గని అంత పొడుగు పేరు మా ఎవ్వల నోటికి రాలే. 'ఎవడో కొత్తోడు' అన్నరు. ఆ కొత్తోనివే యాభై ఏండ్లు ఇన్నం తర్వాత.

గా 1966 డిసెంబర్ 15నే, అమెరికాల వాల్ట్ డిస్నీ పోయిండు. మిక్కీ ఎలుక ఆయన. బొమ్మల నోటికి సంగీతం అతికిచ్చినోడు. మీరు చిన్నగున్నప్పుడు ఆ ఎలుకను సూసుకుంట బువ్వ తిన్నరు, ఆయన కత ఏరే, అది ఇంకో దినం.

నేను కాజీపేట లోకోషెడ్డుల ఫైర్‌మన్‌గ చేరినంక ఈ తారీఖు ముచ్చట ఇంకోటి తెలిసింది. అప్పట్ల కాజీపేట రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉంటుండె. డ్రైవర్లు, గార్డులు వాల్లల్ల శానమంది. క్రిస్మసొస్తాందంటె రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల డ్యాన్సులు, కేకులు, పియానో. నేను ఒక పెద్ద డ్రైవరు కింద పడ్డ. ఉర్దూ మంచిగ మాట్లాడుతుండె, తెలుగుల తిట్లు మాత్రమే వచ్చు. బొగ్గు ఒక్క పార తక్కువేస్తె నా పెయ్యంత ఎండేటట్టు తిట్టెటోడు. గని మనసున్న మనిషి. ఏటా డిసెంబర్ 15 మాపటియాల్ల, డ్యూటీ లేకపోతె, క్వార్టర్ల గ్రామఫోను ముందట కూసోని ఒకే మనిషి రికార్డులు పెడుతుండె. ఒకపారి నన్ను సుత కూసోబెట్టుకున్నడు.

ఆ మనిషి గ్లెన్ మిల్లర్. అమెరికా బ్యాండాయన. మన పెండ్లిల్ల బ్యాండు మేళంల ముందటికెన్కకు గుంజుకుంట ఊదె పొడుగు గొట్టం ఉంటది సూడు, ట్రాంబోను, గది వాయించెటోడు. గాయిన పాట ఒకటి ఉన్నది, పేరు 'చట్టనూగ చూ చూ'. నవ్వకుండ్రి! రైలు పాట అది. పాటల రైలు కూత, చక్రాల సప్పుడు అన్నీ బాకాలతోనే పలికిస్తరు. పన్నెండు లక్షల రికార్డులు అమ్ముడువోతె, కంపెనీ వాల్లు సంబురపడి 1942ల ఒక రికార్డుకు బంగారు రంగు పూసి ఆయన చేతుల పెట్టిండ్రు. 'గోల్డ్ డిస్క్' అని ఇప్పుడు పాటలోల్లు గోడలకు తగిలిచ్చుకుంటరు గదా, గదానికి మొదలు అదే. బంగారం గాదు, వట్టి రంగు. అయినా దాని కోసం కొట్లాడుకుంటరు.

అప్పటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తాంది. మిల్లర్ మంచిగ సంపాయించె బ్యాండును ఆపేసి పట్టాలం చేరిండు. తుపాకి పట్టలే, సిపాయిల కోసం పెద్ద బ్యాండు పెట్టిండు. ఇంగ్లండుల వాయించిండు. పారిస్ విడుదలైనంక బ్యాండును గాడికి తీసుకపోవాలె, ముందుగాల తాను పోయి అంత సదురుదామనుకున్నడు. 1944 డిసెంబర్ 15, శుక్రవారం. బెడ్‌ఫర్డ్ దగ్గర ట్విన్‌వుడ్ ఫార్మ్ అని చిన్న విమానాల మైదానం. చలి, మబ్బు. ఒక్క ఇంజను ఉన్న చిన్న విమానం, పైలట్‌తోని కలిసి ముగ్గురు. లేసింది. ఇంగ్లండుకు ఫ్రాన్సుకు నడుమ సముద్రం మీదికి పోయింది. ఇగ లేదు. మనిషి లేడు, విమానం ముక్క లేదు. ఇన్నేండ్లయినా లేదు. తొమ్మిది దినాలకు, క్రిస్మసు ముందటి దినం, లోకానికి జెప్పిండ్రు. ఆయన బ్యాండు పారిస్‌ల ఆయన లేకుండనె వాయించింది. ఆయన వయసు నలభై.

మా డ్రైవరు గది జెప్పుకుంట రికార్డు తిప్పేసిండు. 'పట్టాల మీద పొయ్యెది మంచిదిర, తప్పిపోతె కనీసం దొరుకుతం' అన్నడు ఉర్దూల. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

గని పట్టాల మీద పోయినోడు సుత ఉన్నడు గీ తారీఖున. మిల్లర్ కంటె సరిగ్గ ఏడాది ముందట, 1943 డిసెంబర్ 15న. ఫ్యాట్స్ వాలర్ అని నల్లాయన, పియానో వాయించెటోడు. బారీ మనిషి. మొకం నిండ నవ్వు, కనుబొమ్మలు ఎగరేసుకుంట పాడి జనాన్ని నవ్విచ్చెటోడు. చర్చిల ఆర్గన్ వాయించుకుంట పెరిగిండు. పైసలు కావాల్నంటె పాట రాసి అగ్గువకు అమ్ముకునెటోడు, అవి తీసుకున్నోల్లు మేడలు కట్టిండ్రు. గా ఏడు హాలీవుడ్ దిక్కు పోయి రాత్రిల్లు వాయించి వాయించి, నిమోనియా తగిలిచ్చుకున్నడు. ఇంటికి పోదామని న్యూయార్కుకు రైలెక్కిండు. నడిమిట్ల, కాన్సస్ సిటీ కాడ, రైలు పెట్టెల్నే పోయిండు. ముప్ఫై తొమ్మిదేండ్లు.

రైల్ల మనిషికి పెయ్యి బాగలేకపోతె ఏమైతదో రైలోనికే ఎర్క. ముందటి స్టేషన్ దాక ఎవ్వలు ఏం చెయ్యలేరు. గార్డు లైటు ఊపుతడు, స్టేషన్ల డాక్టరుకు కబురు పెడ్తరు, డ్రైవరు ఎంత ఉరికిచ్చినా పట్టా పట్టానే. మా లైన్ల సుత అయినయి అట్ల. చెప్ప మనసొప్పదు, పోనీ.

పుట్టినోల్లు సుత ఉన్నరు గీ దినాన. 1933ల బాపు. బొమ్మలేసిన బాపు, సినిమాలు తీసిన బాపు. 1935ల ఉషా మంగేష్కర్. లతా, ఆశాల చెల్లె. 'జై సంతోషి మా' సినిమా ఆడినప్పుడు మీ నాయినమ్మ శుక్కురారం శుక్కురారం పులుపు ముట్టకపోయేది. మాకు సుత చింతపండు లేకుండ చారు పోసేది. పాటలు పాడింది ఉషా, పస్తున్నది మేము!

ఇగ మనోని ముచ్చట జెప్త. మొద్దు జర ముందుకు నూకు.

కోదండపాణి పోయిన ఏడు యాది పెట్టుకోమన్న గదా, 1974. గదే ఏడు జూన్‌ల మానుకోట దగ్గర కంబాలపల్లిల ఒక పిలగాడు పుట్టిండు. తారీఖు సుత పదిహేనే, జూన్ 15. గిల్లా చక్రధర్. సినిమాలల్ల చక్రి. మానుకోట స్టేషన్ల నేను ఎన్నిసార్లు బండి ఆపిన్నో లెక్కలేదు. నీల్లు పట్టుకునెటోల్లు, పల్లికాయలమ్మెటోల్లు, హైదరాబాదు పోయి ఏదన్న పనిల పడదామని రేకుపెట్టె పట్టుకోని నిలబడ్డ పోరగాండ్లు. ఆ పోరగాండ్లల్ల ఒకడు పాటలు కట్టెటోడైతడని ఇంజన్ల నిలబడ్డ నాకేం తెలుసు?

అప్పట్ల సినిమా పాటంటె మద్రాసోల్లు, కోస్తా దిక్కోల్లు. మన వరంగల్ జిల్లా పల్లెకెల్లి పోయి సంగీత దర్శకుడైతనంటె నవ్వెటోల్లు. ప్రైవేటు పాటల క్యాసెట్లు చేసుకుంట మెల్లగ 2000ల 'బాచి' సినిమాకు పాటలు కట్టిండు. పూరి జగన్నాథ్ తీసిండు. గా సినిమా అంతగ ఆడలే. వచ్చె ఏడాది 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం'. 2002ల 'ఇడియట్'. ఇగ ఆగలే. వరంగల్ స్టేషన్ బయట ఆటోలల్ల, అండర్‌బ్రిడ్జి కాడ చాయ్ హోటల్ల, గణపతి మండపంల, ఎటు పోయినా చక్రి పాటే. మా రైలోల్లకు సుత చెవులు తినేసినయి. నిజం జెప్పాల్నంటె అన్నీ నాకు నచ్చలే. డప్పు ఎక్కువ, మాట తక్కువ అనిపిచ్చేది. గని 'చక్రం' సినిమాల ఒక పాట ఉన్నది, సిరివెన్నెల రాసింది, లోకమంత కుటుంబమున్నా మనిషి ఒంటరోడే అనే అర్థంతోని. అది మొదటిసారి ఇన్ననాడు చేతుల చాయ్ సల్లారిపోయింది. పాడింది శ్రీ అని ఇంకో ఆయన, బాణీ మనోనిది. అంత నెమ్మదిగ సుత కట్టగల్గుతడా వీడు అనుకున్న.

తానూ పాడెటోడు. 'సత్యం'ల పాడినందుకు గాయకునిగ ఫిలింఫేర్ వచ్చింది. 'సింహా'కు 2010ల నంది వచ్చింది. కౌసల్య లాంటి కొత్త గొంతులకు పాట మీద పాట ఇచ్చిండు. తనను ఒకడు లేపిండు, తాను ఇంకొకల్లను లేపిండు. పద్నాలుగేండ్లల్ల ఎనభైకి పైగ సినిమాలు చేసిండంటె, నిద్రపోయిండో లేదో.

2014. మన తెలంగాణ వచ్చింది జూన్ రెండు. రాష్ట్రం ముద్రల మన కోట తోరణమే పెట్టిండ్రు. ఆర్నెల్లు దాటింది. డిసెంబర్ 15, సోమారం పొద్దుగాల. చాయ్ హోటల్ల టీవీ కింద ఎర్రగీత మీద అక్షరాలు ఉరుకుతున్నయి. చక్రి, గుండెపోటు. ఒకడు అబద్ధమన్నడు, నిన్న రాత్రి దాక రికార్డింగు చేసిండట అన్నడు. చాయ్ పోసెటోడు రేడియో బందు పెట్టిండు, ఎందుకంటె అండ్ల సుత ఆయన పాటే వస్తాంది. మానుకోట దిక్కు పొయ్యె బస్సుల మనుషులు సెల్లులల్ల ఒకలకొకలు జెప్పుకుంటున్నరు. నలభై ఏండ్లు.

నేను ఇంటికొచ్చి మా డ్రైవరును యాది జేసుకున్న. ఆయన రికార్డు పెట్టిన తారీఖు, బాలు మైకు ముందట నిలబడ్డ తారీఖు, గిప్పుడు మనోడు. వాలర్ ముప్ఫై తొమ్మిది, మిల్లర్ నలభై, చక్రి నలభై. తారీఖుల ఏమీ లేదుర, గ్రహం గిరహం అనకుండ్రి, మీ పెద్దమ్మ లెక్క. ఏడాదికి మూడు వందల అరవై ఐదు దినాలు, లోకంల పాటలోల్లు లచ్చలల్ల. ఏ దినం చూసినా ఎవడో ఒకడు వచ్చుడు, ఎవడో ఒకడు పోవుడు ఉంటది. నాకు తిక్క లేసేది ఏందంటె, పేరు రాసిపెట్టినోల్లదే మనకు ఎరుకైతది. మా అవ్వ నాట్లల్ల పాట ఎత్తుకుంటె ఇరవై మంది ఆడోల్లు అందుకునెటోల్లు. గుండుచెరువు కట్ట మీదికి ఇనిపిచ్చేది. ఆమె ఏ తారీఖున పుట్టిందో ఆమెకే తెల్వదు, 'కరువు నాడు పుట్టిన' అనేది. ఆ పాటలల్ల నాకు రెండో మూడో వస్తయి, అదీ సగం సగం. గప్పుడు మాకు టేపు లేదు. ఉన్నా, చెరపకుమని చెప్పె కోదండపాణి లేకపాయె.

మీ చేతులల్ల ఫోన్లున్నయి గదా. మీ నాయినమ్మ బతుకమ్మ నాడు పాడుతదా లేదా? పోయినేడు ఎవడన్న పట్టిండా? ఫోటోలు దిగిండ్రు, నాకెర్క. పాట పట్టిండ్రా?

పట్టినవా? సెబాష్. ఏది, ఇనిపియ్యి. అయ్యో, మూడొంతుల కుక్కల అరుపే ఉన్నది. పర్వాలేదు, ఉంచు. ఫోన్ల జాగ లేదని రేపు తీసేస్తవు, నువ్వు అసలే అట్లాంటోనివి.

ఆఁ, చక్రిది ఇంకొక్కటి. పోయె ముందట నెలనే, నవంబర్ 14న ఆయన పాటలు కట్టిన సినిమా వచ్చింది. దాసరి నారాయణరావు తీసింది, 'ఎర్రబస్సు'. తాతా మనుమల కత. తాతగ దాసరే ఏసిండు. అప్పట్ల నాకు మోకాలు నొప్పి, టాకీసుకు పోలే. మీ ఫోన్ల దొరుకుతదా? దొరికితె పెట్టు. పాటొచ్చినప్పుడు మాత్రం ముందుకు నూకొద్దు, మీ అలవాటు నాకెర్క. మీ నాయినమ్మను పిలువు, ఆమెకు దాసరంటె మస్తిష్టం. వచ్చెటప్పుడు పల్లికాయలు పట్టుకరమ్మను, ఈ నిప్పులల్ల కాలుద్దాం.